బూడిదకి బొచ్చు మొలిచిన ఏడాది

మా తమ్ముడి కూతురు సుజాత హైదరాబాదులో ఉంటుంది. కిందటి నెల వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను చెప్పులు విప్పీ విప్పకముందే వాళ్ల కుక్కని తీసుకొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చోబెట్టింది. తేనెరంగు కుక్క, మంచి జాతిదే, కానీ ఒళ్లంతా ఎండిన గడ్డిలా ఉంది. సోఫా మీద, పరుపుల మీద, ఆఖరికి నాకిచ్చిన కాఫీలో కూడా దాని బొచ్చే. స్నానాలగదిలో అలమర నిండా దాని షాంపూలు, నురగలు, అత్తర్లు. "జువాలజీ చెప్పిన మేష్టారివి కదా అత్తా, దీని సంగతేమిటో చూడు" అంది సుజాత. నేను తోక దగ్గర్నించి మెడ దాకా బొచ్చుకి ఎదురుగా చెయ్యి పోనిచ్చాను. పాయతీసి చర్మం చూశాను. చెవి మడిచి చూశాను. ఆ తర్వాత వంగి వాసన చూశాను. సుజాత నవ్వింది. వాళ్ల డాక్టరు కూడా ఎన్నడూ వాసన చూడలేదట. నేను పాఠాలు చెప్పింది కాలేజీలోనే గాని, ఈ పద్ధతి మాత్రం కాలేజీలో నేర్చుకున్నది కాదు. మా నాన్నమ్మ ఒక వానాకాలం మొదలుకొని చలికాలం వెళ్లేదాకా, ఖరగ్‌పూర్‌లో మా క్వార్టరు వెనక పెరట్లో, ఒక కుక్క ఒంటి మీద అలా చెయ్యి పోనిస్తూ కూర్చునేది. ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పనికోసం వచ్చిన కుటుంబం మాది. మా సందులో అటూ ఇటూ అందరూ ఆ వైపువాళ్లే కాబట్టి, సందు దాటితే బెంగాల్ గాని, సందులో ఉన్నంతసేపూ మేం శ్రీకాకుళంలో ఉన్నట్టే. పొద్దున్న సైరన్ కూసేలోపల అమ్మ బొగ్గుల పొయ్యి వాకిట్లో పెట్టి విసనకర్రతో విసిరేది. ప్రతి ఇంటి ముందూ ఒక పొయ్యి, ప్రతి పొయ్యి మీదా ఒక పొగ. ఆ పొగలోంచే నాన్న సైకిలు తోసుకుంటూ వెళ్లేవాడు, సాయంత్రం నూనె వాసనతో తిరిగొచ్చేవాడు. తాతయ్య పోయాక ఊళ్లో పశువుల్ని అమ్మేసి మా దగ్గరికొచ్చిన నాన్నమ్మ పేరు అప్పలనరసమ్మ. ఎన్నేళ్లున్నా ఆమెకి బెంగాలీ రాలేదు. రాలేదన్న చింతా లేదు. గోల్‌బజార్‌లో చేపలమ్మే దాదాతో తెలుగులోనే బేరమాడేది, అతను బెంగాలీలోనే జవాబు చెప్పేవాడు, చేప మాత్రం సరైన ధరకే సంచిలో పడేది. తెల్లచీర, నున్నగా దువ్విన ముడి, చేతికి ఎప్పుడూ ఏదో ఒక పని. కుక్కలంటే ఆమెకి ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. కుక్క వాకిట్లో ఉండాలి, గడప తొక్కకూడదు. అంతే ఆమె శాస్త్రం.

ఆ వానాకాలంలో ఒక పొద్దున్న అమ్మ పెరట్లో రేకుల కొట్లోకి బొగ్గులకి వెళ్లింది. మూలనున్న గుట్టలోంచి ఒక ముద్ద కదిలింది. బొగ్గు బూడిద అనుకున్నది కుక్క. ఒంటి మీద బొచ్చన్నది లేదు. చర్మం ఏనుగు తోలులా మందంగా, ముడతలు ముడతలుగా, ఆ ముడతల్లో పగుళ్లు. తోక చివరా, రెండు చెవుల మధ్యా ఏ రంగో చెప్పలేని రెండు కుచ్చులు అట్టలు కట్టి ఉన్నాయి. తడిసిన గోనెసంచీ పులిసినట్టు వాసన. గజ్జికుక్క అన్న తిట్టు మా బడిలో పిల్లలం రోజూ ఒకరినొకరం తిట్టుకునేదే. ఆ మాటకి అర్థం నేను మొదటిసారి చూసింది ఆరోజు. చూశాక ఆ తిట్టు మళ్లీ నా నోట రాలేదు.

అమ్మ చంకలో మా తమ్ముడు నెలల పిల్లాడు. ఆమె భయం ఆమెది. సాయంత్రం నాన్న రాగానే, కుక్కల్ని పట్టుకుపోయే బండివాళ్లకి కబురు పెట్టమంది. నాన్న సరేనన్నాడు. ఆ బండిలో వెళ్లిన కుక్క తిరిగి రాదని అందరికీ తెలుసు. నాన్నమ్మ ఆ పూటంతా పెరటి గుమ్మంలో కూర్చుని ఆ కుక్కనే చూస్తోంది. అది ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. పడుకుంటే వెనక్కాలు దానంతటదే ఆడుతోంది. లేచి ఇటుక గోడకి ఒళ్లు రాసుకుంటోంది. గోడ మీద నెత్తురు చారలు కనిపిస్తున్నాయి. కళ్లు మూతలు పడబోతాయి, అంతలోనే ఎవరో సూదితో పొడిచినట్టు ఉలిక్కిపడి మళ్లీ గోకుడు.

నాన్న అన్నానికి కూర్చున్నప్పుడు నాన్నమ్మ నోరు విప్పింది. "నొప్పైతే మూలిగి మూలిగి ఎప్పుడో ఒకప్పుడు నిద్దరడతాది నాయినా. దురదకి నిద్దర నేదు. అది నిద్దరోయి ఎన్నాళ్లయినాదో" అంది. తన చిన్నతనంలో ఒక వానాకాలం వాళ్లింటిల్లిపాదికీ గజ్జి పట్టిన సంగతి చెప్పింది. పసివాడైన వాళ్ల తమ్ముడు నిద్రలేకే చిక్కి చనిపోయాడని, ఆ పోవడం వాడికి నిద్రలా ఉందని వాళ్లమ్మ ఏడ్చిందని చెప్పింది. బండివాళ్ల మాట నాన్న మళ్లీ ఎత్తలేదు. అమ్మ మాత్రం తన షరతులు తను పెట్టింది. కుక్క పెరటి చివర కొళాయి అవతల ఉండాలి, దాన్ని ముట్టినవాళ్లు స్నానం చేస్తేగాని గడప తొక్కకూడదు, పిల్లాణ్ని తాకకూడదు. నాన్నమ్మ ఒప్పుకుంది. కుక్కకి బూడిద అని పేరు పెట్టింది కూడా ఆరోజే.

పక్క క్వార్టర్లో గౌరీశు మావయ్య ఉండేవాడు, లోకో షెడ్డులో పని. మంచి మనిషి. కుక్క గజ్జికి కాలిన ఇంజను నూనెకి మించిన మందు లేదని చెప్పి ఒక డబ్బాడు తెచ్చిచ్చాడు. సందులో అందరూ అదే మాటన్నారు. ఊళ్లో ఎద్దులకి ఏవేవో నూనెలు రాసిన చెయ్యి నాన్నమ్మది, నమ్మింది. నల్లటి చిక్కటి ఆ నూనె తోక నుంచి చెవుల దాకా పట్టించింది. కుక్క రాత్రంతా నాక్కుంది. తెల్లవారేసరికి వాంతులు, వణుకు. మధ్యాహ్నానికి పక్కకి ఒరిగిపోయింది. నాన్నమ్మ ఆరోజు ముద్ద ముట్టలేదు. "మంచి సేద్దామని ఇసం పూసినాను" అని ఒక్కమాట అని, కొంగుతో ఆ నూనె తుడవడం మొదలుపెట్టింది. అది తుడిస్తే పోయేది కాదు.

ఇందా అనే పేటలో పశువుల ఆసుపత్రి ఉందని నేను చెప్పాను. మా బడికి వెళ్లే దారి కాబట్టి ఆ బోర్డు నాకు తెలుసు. కుక్కని చూసి రిక్షావాళ్లెవరూ ఎక్కించుకోలేదు. నాన్న ఒక తోపుడుబండి అడిగి తెచ్చి, గోనె పరిచి, బూడిదని పడుకోబెట్టి, తనే తోసుకుంటూ బయల్దేరాడు. ఒక పక్క నాన్నమ్మ, ఇంకో పక్క నేను. ఎదురైన వర్క్‌షాపు వాళ్లంతా పలకరించారు, కొందరు నవ్వారు. నాన్న మొహమాటస్తుడు, నలుగురిలో గట్టిగా మాట్లాడడం ఎరగడు. ఆరోజు మాత్రం ఎవరేమన్నా తల వంచుకోకుండా, రాళ్లు వచ్చినచోట బండిని మెల్లిగా ఎత్తి దించుతూ, పసిబిడ్డ తొట్టె తోసినట్టు తోశాడు. నాన్నలో ఆ మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

డాక్టరు బాగ్చీ గారు పొడుగాటి మనిషి, నోట్లో పాన్, చుట్టూ ఆవులూ మేకలూ. ఆయన కోప్పడలేదు. కడుపుకి మందు పోసి, శనగపిండితో, కుంకుడు రసంతో ఆ నూనెంతా తనే దగ్గరుండి కడిగించారు. కాలిన నూనెకి పురుగులు కొన్ని చస్తాయి నిజమే గాని, అది చర్మంలోంచీ నాలుక మీంచీ లోపలికి పోతుందని, పురుగు కంటే ముందు కుక్కే పోతుందని చెప్పారు. ఆయన బెంగాలీ నేను తెలుగు చేస్తుంటే నాన్నమ్మ తలూపుతూ వింది. ఏం పురుగులని అడగమంది. బాగ్చీ గారు జవాబు చెప్పకుండా, ఒక చాకు అంచుతో కుక్క చెవి అంచు మీద మెల్లిగా గీకి, వచ్చిన పొట్టుని నూనెచుక్కలో వేసి గాజుపలక మీద పెట్టారు. కిటికీ దగ్గర ఇత్తడి మైక్రోస్కోపు ఉంది. ఆయన చూసి, పక్కకి తప్పుకుని, "ఏషో ఖుకీ, దేఖో" అన్నారు, రా పాపా చూడు అని.

నేను చూశాను. మొదట వెలుగు తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత ఆ వెలుగులో ఒక గుండ్రటి జీవి. గాజులా ఉంది, లోపలున్నదంతా కనిపిస్తోంది. పొట్టి పొట్టి కాళ్లు, ఒంటి మీద ముళ్లలాంటి వెంట్రుకలు. అది నడుస్తోంది. మనం చూస్తున్నామని దానికి తెలియదు. కంటికి కనపడనిది ఒకటి బతికి, తిని, పిల్లల్ని కని, ఒక కుక్కకి నిద్ర లేకుండా చేసి, దాని రంగు కూడా దోచేసింది. నేను జువాలజీ చదవాలనుకున్నది ఆ కిటికీ దగ్గరే. తర్వాత నాన్నమ్మ వంగింది. ఒక కన్ను మూయడం చేతకాక అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు కదలకుండా చూసింది. బాగ్చీ గారు తొందర పెట్టలేదు.

"దీనికీ కాళ్లున్నాయే తల్లీ" అంది నాన్నమ్మ తలెత్తకుండానే. కాసేపటికి, "ఇంత లేని దానికి కూడా ఆకలే గావాల" అంది.

ఆ మాట బెంగాలీలో చెప్పమన్నారు డాక్టరు గారు. చెప్పాను. ఆయన పాన్ నమలడం ఆపేసి నాన్నమ్మ వైపు ఒకసారి చూశారు. ఆ తర్వాత ఆమెతో మాట్లాడినప్పుడల్లా మాశీమా, అంటే పిన్నమ్మా, అనే పిలిచారు.

వైద్యం గంధకంతో. గోల్‌బజార్‌లో తెలుగువాళ్ల కిరాణా కొట్లో పచ్చటి గంధకం పొడి తెచ్చి, కొబ్బరినూనెలో మెత్తగా నూరి, కుక్క ఒళ్లు ఒకేసారి కాకుండా కొంత కొంత భాగం చొప్పున రాయాలి. వారం వారం మళ్లీ రాయాలి. గుడ్లలోంచి కొత్తవి పుడుతూనే ఉంటాయి కాబట్టి దురద తగ్గిందని మానకూడదు. పడుకునే గోనెలు కాల్చెయ్యాలి. ఆ పురుగు మనుషులకీ అంటుకుంటుందని, కోడలు పెట్టిన షరతులు సరైనవేనని డాక్టరు గారన్నప్పుడు, అది ఇంటికొచ్చి అమ్మకి చెప్పింది నాన్నమ్మే. కుక్క నాక్కోకుండా ఉండడానికి నాన్న పాత వెదురుగంప అడుగు కోసేసి దాని మెడకి తగిలించాడు. గంపలోంచి తల బయటపెట్టి బూడిద కొళాయి అవతల కూర్చునేది. నాన్నమ్మ రెండు చేతులకీ పాతగుడ్డలు చుట్టుకుని, రోజూ మధ్యాహ్నం దాని ముందు పీట వేసుకునేది. సందంతా అగ్గిపుల్ల గీసిన వాసన. కుక్క చర్మం మడతల్లోకి వేలు పోనిచ్చి రాస్తూ, ఊళ్లో తన ఆవుల సంగతులు దానితో చెప్పేది. పని అయ్యాక కొళాయి కింద నెత్తిన నీళ్లు పోసుకుని, తడిచీరతోనే గడప దాటేది. ముసురు పట్టిన రోజుల్లో కూడా మానలేదు.

మేం మొదట చూసిన అద్భుతం బొచ్చు కాదు, నిద్ర. ఒక మధ్యాహ్నం నాన్నమ్మ వచ్చి, మాటలేవీ లేకుండా చేత్తో సైగచేసి మమ్మల్ని పెరట్లోకి పిలిచింది. బూడిద పక్కకి తిరిగి, నాలుగు కాళ్లూ చాపి, గంప పక్కకి ఒరిగిపోగా, నిద్రపోతోంది. డొక్కలు లేచి పడుతున్నాయి. వెనక్కాలు కదలడం లేదు. ఒక ఈగ వచ్చి ముక్కు మీద వాలినా చలించలేదు. చంకలో తమ్ముడితో అమ్మ కూడా వచ్చి నిలబడింది. ఆ పూట అమ్మ బట్టలు బండకేసి కొట్టకుండా చేత్తోనే నలిపి ఆరేసింది. నేను నీళ్లు పట్టుకోవడానికి బక్కెట్టు చప్పుడు కాకుండా కొళాయి కింద గుడ్డ వేశాను. ఒక వీధి కుక్క నిద్ర కోసం ఇల్లంతా గుసగుసలాడింది.

అయితే గజ్జి పోతే చాలదని తర్వాత తెలిసింది. చర్మం మెత్తబడి, నూగు మొలిచింది గాని, అది మొలిచినట్టే ఉండిపోయింది. పట్టుకుంటే విరిగేది, పొట్టు రాలేది, రంగన్నది లేదు. నాన్నమ్మకి పట్టుదల పెరిగి, బట్టలసబ్బుతో రోజూ తోమి స్నానం చేయించడం మొదలుపెట్టింది. అప్పుడింకా పాడైంది. మళ్లీ ఇందా వెళ్లాం, ఈసారి బూడిద తన కాళ్ల మీద నడిచే వచ్చింది. బాగ్చీ గారు చర్మం చూడలేదు. కింది కన్నురెప్ప లాగి చూశారు, పెదవి ఎత్తి చిగుళ్లు చూశారు, పొట్ట నొక్కి చూశారు. ఏం పెడుతున్నారని అడిగారు. గంజి, మిగిలిన అన్నం. బొచ్చు మొలిచేది చర్మం మీద కాదు మాశీమా, కడుపులోంచి అన్నారాయన. కడుపులో ఏలికపాములున్నాయని మందిచ్చారు. మాంసం తినే పుట్టుక పుట్టినదానికి చేపో గుడ్డో లేకపోతే, తినే ఆ పిడికెడూ ప్రాణం నిలుపుకోవడానికే సరిపోతుంది గాని ఒంటికి కప్పుకోవడానికి మిగలదని చెప్పారు. సబ్బు మానెయ్యమన్నారు. ప్రతి వెంట్రుక మొదట్లోనూ దేవుడు ఒక నూనెచుక్క పెట్టాడు, అది మీరు రోజూ కడిగేస్తున్నారు అన్నారు. ఎండ, దువ్వెన, ఓపిక. ఇక ఆయన ఇచ్చిన మందు అంతే.

గోల్‌బజార్ దాదా నాన్నమ్మ సంచిలో చేపతలలు, చిన్నచేపలు ఊరికే వేసేవాడు. ఆమె వాటిని ముళ్లు మెత్తబడేదాకా ఉడకబెట్టి, చల్లార్చి, వేళ్లతో నలిపి అన్నంలో కలిపేది. ఇదంతా ఒక ఎత్తు, అమ్మ చేసింది ఒక ఎత్తు. తమ్ముడికి బలానికని చేపనూనె సీసా ఒకటి ఉండేది. ఒక పొద్దున్న వాడికి చెంచాడు పట్టాక, అమ్మ ఆ సీసా పట్టుకుని పెరట్లోకి నడిచి, కొళాయి దాటి, బూడిద గిన్నెలో ఒక చెంచాడు పోసి, ఎవరి వైపూ చూడకుండా తిరిగొచ్చింది. కొళాయి అవతలికి ఆమె వెళ్లడం అదే మొదలు. ఆ తర్వాత అది రోజూ జరిగింది. దాని గురించి అత్తాకోడళ్లు ఒక్కమాట అనుకోగా నేను వినలేదు.

ఏ రంగు వస్తుందోనని ఇంట్లో ఊహలు సాగేవి. నాన్న నలుపన్నాడు. అమ్మ తెలుపన్నది. గౌరీశు మావయ్య రోజూ గోడ మీంచి చూసి, తన నూనె సంగతి మర్చిపోయినట్టు, చారలొస్తాయి చూడండి అనేవాడు. నాన్నమ్మ ఏ రంగూ చెప్పలేదు. దువ్వెన తీసుకుని ముందు ఎదురుగా, తర్వాత వాలుగా దువ్వేది. పాయ తీసి చూసేది, వాసన చూసేది. పులుపు వాసన పోయి, ఎండలో పెట్టిన వరిగడ్డి వాసన వస్తోందని ఒకరోజు చెప్పింది. నన్నూ చూడమంది. నిజమే.

చలికాలం వచ్చింది. మబ్బులు పోయి, ఖరగ్‌పూర్‌కే సొంతమైన ఆ పల్చటి తేట ఎండ పడుతున్న రోజులు. ఒక సాయంత్రం నాన్నమ్మ బూడిదని మొదటిసారి పెరట్లోంచి సందులోకి, వీధి వైపు ఎండలోకి తీసుకొచ్చింది. పెరట్లో నీడపట్టున గోధుమరంగుగా కనిపించిన బొచ్చు, ఏటవాలు ఎండ తగలగానే ఒక్కసారి వెలిగింది. ఎరుపు. మామూలు ఎరుపు కాదు, చింతపండుతో తోమిన రాగిచెంబు రంగు. చెవుల నుంచి కుచ్చులు, ఛాతీ మీద అలలు, తోక కింద నెమలి పింఛంలా జాలువారే బొచ్చు. బూడిద ఒళ్లు దులుపుకుంది. ఆ రాగి అంతా ఒక్కసారి లేచి, గాల్లో మెరిసి, మళ్లీ దాని చోట అది పడుకుంది. అదే సమయానికి సైరన్ కూసి వర్క్‌షాపు వదిలారు. సైకిళ్ల వరస వీధి నిండా వస్తోంది. ముందున్నతను బ్రేకు వేశాడు, వెనకవాళ్లూ ఆగారు. తెలుగువాళ్లు, బెంగాలీలు, ఒడియావాళ్లు, అందరూ ఒక కాలు నేల మీద ఆన్చి చూస్తున్నారు. నాన్న ఆ గుంపులోంచి సైకిలు దిగి వచ్చి, ఇది మన కుక్కేనా అన్నాడు. నాన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

సందులో ఎర్రకుక్క సంగతి ఊళ్లో పాకింది. కొన్నాళ్లకి ఒక ఉదయం రోజారియో దొరసాని మా సందులోకి వచ్చింది. బంగళాల వైపు ఉండే ఆంగ్లో ఇండియన్ ఆమె. భర్త మెయిలు బండి డ్రైవరుగా చేసి ఆ ఏడాదే పోయాడు. గౌను, చేతిలో గొడుగు, మోకాళ్ల నొప్పుల నడక. అలాంటివాళ్లు మా సందులోకి రావడం అపురూపం కాబట్టి గుమ్మాల్లో అందరూ నిలబడ్డారు. ఆమె మా ఇంటి ముందు ఆగి, ఎండలో పడుకున్న కుక్కని చూసి, "రస్టీ" అంది. కుక్క తలెత్తింది. లేవలేదు. ఆమె అలాగే మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, దాని మెడ బొచ్చులో ముఖం పెట్టుకుంది.

ఆమె మాట్లాడింది రైల్వే హిందీ. నేనే తెలుగు చేశాను. అది వాళ్లాయన కుక్క. ఆయన శవపేటిక వెళ్లిన రోజు జనంలో పడి వెంట వెళ్లింది, మరి రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు. ఇక్కడిదాకా చెప్పి ఆమె ఆగింది. మిగతాది కుక్కని చూస్తూనే చెప్పింది. వేసవిలో ఒక గజ్జికుక్క రోజూ వచ్చి తన గేటు దగ్గర కూర్చునేదట. ఆ ఒళ్లు చూసి తను భయపడిందట. ఈ గొడుగుతోనే అదిలించిందట. అయినా వస్తుంటే పనివాడితో కర్ర పెట్టి కొట్టించిందట. అది అరిచేది కాదట, రోడ్డు అవతలికి వెళ్లి కూర్చుని గేటు వైపే చూసేదట. వానలు పడ్డాక కనపడలేదట. "ఒళ్లే చూశాను మాఁజీ, కళ్లు చూడలేదు" అంది.

నేను తెలుగు చేయడం పూర్తయ్యాక నాన్నమ్మ వెళ్లి ఆమె పక్కన నేల మీద చతికిలబడింది. "సెప్పు ఆయమ్మకి. దీని రంగేటో మాకూ తెలవదు. మేమూ ఇప్పుడే సూస్తన్నాం" అంది. రస్టీ అంటే ఏమిటని నన్నడిగింది. తుప్పు రంగని చెప్పాను. "తుప్పేటి, రాగి" అంది.

దొరసాని చూడ్డానికే వచ్చాననీ, అడిగే ముఖం తనకి లేదనీ చెప్పి వెళ్లబోయింది. నాన్నమ్మే కుక్క మెడకి తాడు కట్టి ఆమె వెంట బయల్దేరింది. ముగ్గురం నడిచాం, కుక్కతో నలుగురం. పెద్ద పెద్ద చెట్ల రోడ్డు మీద బూడిద హుషారుగా ముందు నడిచింది, దారి దానికి తెలుసు. తీరా గేటు వచ్చేసరికి ఆగిపోయింది. గేటుకి కాస్త ఇవతల, రోడ్డు పక్కన కూర్చుంది. దొరసాని గేటు బార్లా తీసింది, పిలిచింది, లోపలికెళ్లి గిన్నెలో మాంసం తెచ్చి చూపింది. కుక్క కదల్లేదు. బొచ్చంతా తిరిగొచ్చింది, కళ్లలో మెరుపు తిరిగొచ్చింది, కానీ గంధకం అందని చోటొకటి, చేపనూనె చేరని చోటొకటి దానిలో మిగిలి ఉందని నాకు అప్పుడు అర్థమైంది. నాన్నమ్మ తాడు లాగలేదు. వంగి మెడలోంచి తీసేసింది.

"పిలవొద్దను. కూకోమను" అంది నాతో.

రోజారియో దొరసాని నా మాట విని, చేతిలో గొడుగు లోపలికి విసిరేసి, నొప్పి మోకాళ్లతో మెల్లిగా, తన గేటు బయట దుమ్ములో కూర్చుంది. పక్కన నాన్నమ్మ. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. దారినపోయేవాళ్లు వింతగా చూశారు. ఎండ నెత్తి మీదకి వచ్చేదాకా కూర్చున్నారు. ఆరోజు ఏమీ జరగలేదు, కుక్కతో మేం ఇంటికొచ్చేశాం. మర్నాడు మళ్లీ వెళ్లాం. ఆ మర్నాడూ వెళ్లాం. ఇద్దరు ముసలివాళ్లూ, మధ్యలో ఆ ఎర్రకుక్కా, తెరిచిన గేటు ముందు అలా కూర్చోవడం ఆ రోడ్డుకి అలవాటైపోయింది. దొరసాని తన దువ్వెన తెచ్చుకునేది. ఒక వైపు ఆమె, ఒక వైపు నాన్నమ్మ దువ్వేవారు. ఒక ఉదయం, ఎవరూ పిలవకుండానే, బూడిద లేచింది. ఒళ్లు దులుపుకుంది. ఇద్దరి మధ్య నుంచీ నడిచి, గేటు దాటి, మెట్లెక్కి, వరండాలో ఖాళీగా ఉన్న ఒక పేము కుర్చీ కింద దూరి పడుకుంది. దొరసాని వెంటనే లేవలేదు. చేత్తో తడుముకుని నాన్నమ్మ చెయ్యి పట్టుకుంది.

ఇప్పుడు ఆ గజ్జికి ఒక్క మాత్ర చాలు. సుజాత వాళ్ల డాక్టరు చెబితే నేనే నమ్మలేకపోయాను. మేం నెలల తరబడి నూరిన గంధకం, గోనెలు కాల్చిన మంటలు, మెడలో గంప, అన్నీ కలిపి వేలి కొసంత మాత్రలో ఉన్నాయి. ఆ రోజులే మేలని నేననను. ఆ రోజుల్లో ఆ జబ్బుతో ఎన్ని కుక్కలు కాలవల పక్కన గోక్కుంటూ పోయాయో లెక్కలేదు. మనిషి ఇంత నేర్చుకున్నాడంటే, ఇత్తడి మైక్రోస్కోపులో పురుగుని చూసినప్పుడు కలిగిన అబ్బురమే మళ్లీ కలుగుతుంది. సుజాత కుక్కకి గజ్జి లేదు. వారానికి నాలుగు స్నానాలున్నాయి, పొద్దున్నించి సాయంత్రం దాకా తాళం వేసిన ఇల్లుంది. షాంపూలు తగ్గించమన్నాను, చేప పెట్టమన్నాను. మిగిలినది ఎలా చెప్పాలో తెలియక, నేనున్న వారం రోజులూ మధ్యాహ్నాలు బాల్కనీలో ఎండపొడ చూసుకుని దాని పక్కన కూర్చుని దువ్వాను. నేను బయల్దేరే రోజుకి బొచ్చు మెరవలేదు గాని, అది నా కాలి మీద తల పెట్టి నిద్రపోవడం నేర్చుకుంది.

ఆరోజు, బూడిద గేటు దాటిన రోజు, మేమిద్దరం తిరిగి నడిచి వచ్చాం. నాన్నమ్మ చేతిలో ఖాళీ తాడు. అమ్మ వాకిట్లో నిలబడి ఉంది, మా వెనక కుక్క లేకపోవడం చూసింది. దగ్గరికొచ్చి నాన్నమ్మ చీర వైపు చూసింది. తెల్లచీర ఒడి నిండా, కొంగు నిండా, ఎర్రటి వెంట్రుకలు అంటుకుని ఎండలో మెరుస్తున్నాయి. అత్తగారికి తెల్లచీర మీద చిన్న మరకున్నా సహించదని అమ్మకి తెలుసు. దులపబోయింది.

నాన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీయే" అంది. "ఈ ఒక్క పూట ఉండనీ."